రసం పండుది ఏ రంగు?

మే నెల ఎండల్లో నూజివీడు వెళ్ళొచ్చానంటే "పండ్లేవీ?" అని అడగని ఇల్లు తాడిపత్రిలో మా వీధిలో లేదు. తెచ్చాను, పంచాను, అయిపోయాయి. నేను వెళ్ళింది మాత్రం పండ్ల కోసం కాదు. కెమెరాల్లో వేసే ఫిల్ము రీళ్ళ సంగతి తెలుసుకోవడానికి అని చెబితే, రిటైరయ్యాక ఈవిడకి కొంచెం తేడా చేసిందన్నట్టు చూశారు.

చేసిందేమో కూడా. ఉద్యోగమంతా డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పాను. విదేశీ కంపెనీలు పరాయి బజారులో ఎలా కొట్లాడుకుంటాయో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఇష్టమైన ఉదాహరణ ఫిల్ము కంపెనీలదే. ఒకటి అమెరికాది, పసుపు డబ్బా. ఇంకోటి జపానుది, ఆకుపచ్చ డబ్బా. పేర్లు చెప్పక్కర్లేదు, నలభై దాటినవాళ్ళందరికీ తెలుసు. అమెరికా వాళ్ళ ఇంట్లోకి జపాను వాళ్ళు తక్కువ ధర పట్టుకుని దూరారు. జపాను వాళ్ళ ఇంట్లోకి అమెరికా వాళ్ళు పోబోతే తలుపు సరిగ్గా తెరుచుకోలేదు. "మా సరుకు అమ్ముకోనివ్వట్లేదు" అని తగాదా దేశాల పంచాయితీ దాకా వెళ్ళింది. ఈ లోపల మనలాంటి మూడో ఇంట్లో కూడా ఇద్దరూ చాపలు పరిచారు. చివరికి ఫోన్లో కెమెరా వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఒకరు దివాలా దాకా వెళ్ళి తేలారు, ఇంకొకరు మందులూ ముఖానికి రాసుకునే క్రీములూ చేసుకుని బతికారు. నా పాఠం అక్కడితో అయిపోయేది.

నా పాత స్టూడెంటు రమణికి నూజివీడులో బ్యాంకు ఉద్యోగం. ఒకరోజు ఫోను చేసి, "మేడం, ఆ యుద్ధం అయిపోయిందని మీరు పాఠంలో చెప్పారు. మా వీధిలో ఇంకా జరుగుతోంది, వచ్చి చూడండి" అంది. పాఠం తప్పు చెప్పానంటే ఊరుకునే రకాన్ని కాదు నేను. సంచి సర్దుకున్నాను.

బెజవాడ బస్టాండు

రైలు దిగేసరికే చెమట. మా వైపు ఎండ కొడుతుంది కానీ ఉడకబెట్టదు. ఇక్కడ మనిషిని ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేసినట్టుంటుంది. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీతో అల్లం పచ్చడి వేశారు. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. మా ఊళ్ళో పచ్చట్లో బెల్లం తగిలితే ఓనర్ని పిలిచి అడుగుతారు. నేనూ అడిగాను.

"అల్లానికి బెల్లం లేకపోతే ఎలాగండీ?" అని సర్వరు నా మీద జాలిపడ్డాడు. రెండోసారి వేయించుకున్నాను, ఒప్పుకోవాలి కదా.

నూజివీడు బస్సులో ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. పక్క సీట్లో మంగమ్మ అని ఒకావిడ, మామిడి కాయలు కోసే సీజన్లో తోటల్లో కూలికి వెళ్తుందట. ఒళ్ళో చిక్కం పెట్టుకుని కూర్చుంది. పొడుగు కర్రకి కట్టి కాయ కిందపడకుండా కోసుకునే వల సంచి అది. పాతది చిరిగిందని కొత్తది కొనుక్కుని వెళ్తోంది.

"పళ్ళ కోసమా అమ్మా?" అంది.

"ఫోటోల కోసం" అన్నాను.

"ఫోటో తీసుకుంటే ఏం వస్తుందమ్మా, రసం జుర్రుకోండి" అంది. మేము బంగినపల్లి మనుషులం, కత్తితో ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టుకుని తింటాం అని చెప్పాను. ఆవిడ చెంప మీద వేలు పెట్టుకుంది. "రసానికి కత్తి పెడతారా ఎవరన్నా? మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, రెండు చుక్కలు సొన కిందికి వదిలేసి, నోట్లో పెట్టుకోడమే. గట్టిగా నొక్కకండేం, టెంక ఎగిరొస్తది."

ఈ ఆఖరి మాట నేను సరిగా వినుంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆగిరిపల్లిలో ఆవిడ దిగిపోయింది. అక్కణ్ణించి రోడ్డుకి రెండువైపులా తోటలే. కాయల బరువుకి కొమ్మలు వంగి కొన్నిచోట్ల నేలకి ఆనుతున్నాయి. మా వైపు చెట్టంటే పైకి చూస్తాం, ఇక్కడ కిందికి చూడాలి.

మార్కెట్టులో గొడుగులు

నూజివీడుని ఇప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు. కాగితాల మీద అంతే, ఎవర్ని కదిపినా "మా కృష్ణా జిల్లాలో" అనే మొదలుపెడతారు. రమణి వాళ్ళింట్లో దిగి, మర్నాడు పొద్దున్నే ఇద్దరం మామిడి మార్కెట్టుకి వెళ్ళాం. షెడ్ల కింద గుట్టలు. బంగినపల్లి, తోతాపురి, పెద్ద రసం, చిన్న రసం. గాలి పీలిస్తేనే కడుపు నిండేట్టుంది. డజను చిన్న రసాలు రెండొందలన్నారు. బేరమాడితే, "మీ ఊళ్ళో ఈ రసం దొరికితే ఇక్కడికెందుకొస్తారండీ" అన్నాడు అమ్మేవాడు. నా కామర్స్ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. రెండొందలూ ఇచ్చేశాను.

ఒక గుట్ట మీద వెలిసిపోయిన పెద్ద గొడుగు కనిపించింది. ఒకప్పుడు చిక్కటి పసుపు. అంచు మీద ఫిల్ము కంపెనీ పేరు సగం చెరిగిపోయి ఉంది. నాకు పట్టరాని సంతోషం. ఫోటో తీస్తుంటే ఆ గుట్ట తాలూకు రైతు రాఘవయ్య గారు నవ్వారు.

"ఇంకో నాలుగు గొడుగులుండేవండీ. కంపెనీ వాళ్ళు సత్యం స్టూడియోకి ఇస్తే ఆయన మాకిచ్చేవాడు. ఈ గొడుగు కింద పెడితే దోర కాయ కూడా పండులా కనిపిస్తది."

"మరి ఆకుపచ్చ కంపెనీ వాళ్ళవి?"

"అవి ఎదుటి స్టూడియో బాబూరావు ఇచ్చేవాడు. ఆవకాయ కాయ అమ్మేవాళ్ళు వాటికోసం కొట్టుకునేవాళ్ళు. ఆ గొడుగు కింద ఎంత ముదిరిన కాయైనా పచ్చిగా, పుల్లగా కనిపించేది. కంపెనీ వాళ్ళేమో, నూజివీడులో మా ఫిల్ముకి ఎంత గిరాకీనో అనుకుని ఏటా పంపేవాళ్ళు."

పరాయి బజారుని గెలవడానికి ఆ రెండు కంపెనీలూ ఎంత ఖర్చుపెట్టాయో నేను క్లాసులో చెప్పేదాన్ని. ఆ ఖర్చుతో నూజివీడు తన కాయకి రంగు వేసుకుంటుందని వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. ఫోన్లు రాకముందు, నాగపూరు సేట్లు సరుకు చూడకుండా బేరం కుదుర్చుకోరు కాబట్టి, ఏటా కాయ ఫోటోలు ఆల్బంలో పెట్టి పంపేవాళ్ళట. సత్యం గారి ఫిల్ములో రసం పండు మరీ పసుపొచ్చి, "దారిలోనే కుళ్ళిపోతుంది" అనేవాడు సేటు. బాబూరావు గారి ఫిల్ములో ఆకుపచ్చగా వచ్చి, "పచ్చివి అంటగడుతున్నారా?" అనేవాడు. అందుకని ఇద్దరి దగ్గరా తీయించి రెండు ఆల్బంలూ పంపేవాళ్ళు.

"తరవాత తరవాత రెండూ ఒక్కలాగే వచ్చేవండీ, ఎందుకో మరి. అయినా రెండూ పంపేవాళ్ళం. అలవాటు" అన్నారు రాఘవయ్య గారు. నేను తల ఊపి ముందుకి నడిచాను. ఆ 'ఎందుకో'ని అక్కడే వదిలేశాను.

రోడ్డుకి ఇటువైపు

సత్యం గారి స్టూడియో వెనకే ఇల్లు. స్టూడియో ముందు భాగం ఇప్పటికీ పసుపు రంగే. ఆ రంగు వేయించే ఫిల్ము కంపెనీ పోయాక కూడా ఆయనే సొంతంగా వేయిస్తున్నారు. ఎదురుగా బాబూరావు గారిది ఆకుపచ్చ బోర్డు. మధ్యలో ఆటోలు, బస్సులు, కాలేజీ పిల్లల బైకులు. ఇద్దరికీ మాటలున్నాయి కానీ మంచి మాటల్లేవని రమణి ముందే చెప్పింది. పొద్దున్నే ఇద్దరూ కుర్చీలు బయట వేసుకుని రోడ్డు మీదుగా ఒకరినొకరు తిట్టుకున్నాకే టీ తాగుతారట.

సత్యం గారికి డెబ్భై దాటాయి. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చునే మనిషి. మాట్లాడేటప్పుడు కుడి కన్ను మూసి, ఎడం కంటితో నన్ను చూస్తున్నారు. కొంటెగా కన్ను కొడుతున్నాడేమోనని మొదట కంగారుపడ్డాను. సంగతి అది కాదు.

ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. శీతాకాలంలో ఏలూరులో కుడి కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పగానే గోడలు నీలంగా, మామిడి పండు ఆకుపచ్చగా కనిపించాయట. శుక్లం వల్ల ఇన్నాళ్ళూ అన్నీ పసుపుగా కనిపించాయనీ, అసలు రంగు ఇదేననీ డాక్టరు చెప్పాడు. సత్యం గారికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది.

"బతుకంతా చెప్పానండీ, రసం పండు రంగు మా పసుపు ఫిల్ములోనే నిజంగా వస్తుందని. వాడిది నాచు పట్టిన రంగని. ఇప్పుడీ కొత్త కన్ను వాడి మాటే నిజమంటోంది. ఎడం కన్ను నా మాట చెబుతోంది. ఇది కూడా కోయించుకుంటే, నా రంగుని చూసే కన్ను ఈ ఊళ్ళో ఇంకెక్కడుందండీ?"

నవ్వొచ్చింది. కానీ ఆయన వేళాకోళం ఆడట్లేదు.

ఆయన భార్య సరోజిని గారు మజ్జిగ పట్టుకొచ్చారు. సన్నగా, చురుగ్గా, మాట కంటే ముందు పని నడిచే మనిషి. ఒకప్పుడు ఇదే కొట్టు వెనక గదిలో ఫోటోలు ప్రింటు తీసే మెషీను ఉండేదని, దాని ముందు కూర్చునేది తానేననీ చెప్పారు. ఆయన కెమెరా పట్టుకుని తోటల మీదా పెళ్ళిళ్ళ మీదా తిరిగేవారట. ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించారు.

"వచ్చే శుక్రవారం రమ్మన్నారండీ. ఇప్పటికి రెండుసార్లు డేటు తప్పించారు మీ అన్నయ్యగారు. శుక్లం బాగా ముదిరిపోయిందంట, ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ కష్టం, చూపే పోవచ్చు అన్నాడు డాక్టరు. మొన్న అరుగు మెట్టు కనపడక పడ్డారు. మీరు పాఠాలు చెప్పినవారు, ఒక మాట చెప్పి చూడండి."

చెప్పి చూశాను. చూపు ముఖ్యమా, ఫిల్ము ముఖ్యమా అన్నాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. "మీకు రంగులతో పని లేదు కదండీ" అన్నారు.

తరవాత తన మామిడి ఆల్బం చూపించారు. కాయ మీద ఎండ పడిన తీరు, ఆకు నీడ, ఎంత అందంగా తీశారని! పోల్చి చూద్దామని, బాబూరావు గారి ఆల్బం అడిగి తెస్తానన్నాను. "తీసుకురండి. నేను ఎప్పుడూ ముట్టుకోలేదు దాన్ని. మీ ముందే తప్పులు పట్టి చూపిస్తాను" అన్నారు. సరోజిని గారు ఏదో అనబోయి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

రోడ్డుకి అటువైపు

బాబూరావు గారి దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు, జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు. మనిషి కలుపుగోలు. నేను తాడిపత్రి నుంచి వచ్చానంటే, తినకుండా కదలనివ్వనని పూతరేకు చేతిలో పెట్టారు.

"సత్యం బావగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు. రోజూ ఎదురుగా కనిపించే మనిషి గురించి నన్నడగడమేంటి? సరోజిని గారిని అక్కయ్య అంటారు కాబట్టి ఆయన బావగారట. "కన్ను చేయించుకుంటారా? మీతో ఏమన్నా అన్నారా? నేనడిగితే తిడతారు."

ఆయన ముఖంలో నిజమైన దిగులుంది. శత్రువు కన్ను పోతే ఇంతగా దిగులుపడే వ్యాపారిని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆల్బం అడిగితే మాత్రం కాసేపు నసిగారు. "ఇస్తాను. చూసి ఇచ్చేయండి. ఫోటోలు అతికించి ఉన్నాయి, ఊడదీయకండి, ఏం?" అన్నారు. మళ్ళీ మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "ఊడదీయకండి మేడం గారూ" అన్నారు. పాతవి కదా, చిరిగిపోతాయని భయం కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రం రమణి ఇంట్లో రెండు ఆల్బంలూ పక్కపక్కన పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు రెండూ ఒక్కలాగే కనిపించాయి. దీని మీద ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని, ఆ మాట పైకి అనడానికి సిగ్గేసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అయినా ఒక్కలాగే ఉన్నాయి.

భోజనం

మర్నాడు మధ్యాహ్నం సత్యం గారింట్లో భోజనం. మామిడికాయ పప్పు, ముద్దలో కరిగే నెయ్యి, కొత్తావకాయ, గుమ్మడికాయ వడియాలు. మా ఇళ్ళలో ఊరిమిండి అనే రోటి పచ్చట్లో వేరుశెనగ లేనిదే ముద్ద దిగదు. ఇక్కడ పెరుగన్నంలో పండు పిండుకుంటారు. మొదట వింతగా చూసి, తరవాత రెండోసారి వడ్డించుకున్నాను. ఈ యాత్రలో నేను ప్రతిదానికీ ముందు మొహం చిట్లించి, తరవాత రెండోసారి పెట్టించుకున్నదాన్నే.

తిన్నాక వరండాలో కూర్చున్నాం. సరోజిని గారు బుట్టతో చిన్న రసాలు పెట్టి చెంబు తేవడానికి వెళ్ళారు. సత్యం గారు బాబూరావు గారి ఆల్బం ఒళ్ళో పెట్టుకుని, కుడి కన్ను మూసి, ఎడం కంటికి దగ్గరగా పట్టుకుని చూస్తున్నారు.

"చూశారా, ఇక్కడ నాచు" అంటున్నారు.

నేను పక్కన కూర్చుని పండు పిసుకుతున్నాను. ముచ్చిక తీశాను, సొన వదిలాను, అంతా మంగమ్మ చెప్పినట్టే. నోట్లో పెట్టుకోబోతూ గట్టిగా నొక్కాను. టెంక ఎగిరి, రసంతో సహా, సరిగ్గా ఆల్బం మీద పడింది.

సిగ్గుతో చచ్చిపోయాను. "అయ్యో అయ్యో" అంటూ కొంగుతో తుడిస్తే ఇంకా పాకింది. రసం ఫోటో కిందికి దిగుతోంది. "ఆగండి ఆగండి, రుద్దితే పోతుంది" అని సత్యం గారు ఎంతో జాగ్రత్తగా, గోటితో అంచు లేపి, ఫోటో ఊడదీశారు. శత్రువుదైనా ఫోటో ఫోటోనే ఆయనకి. వెనకవైపు తుడుద్దామని తిప్పారు.

తిప్పి అలాగే ఉండిపోయారు.

ఫోటో కాగితం వెనక, లేత బూడిద రంగులో, అడ్డంగా వరసగా ఒకటే పేరు అచ్చయి ఉంది. పసుపు కంపెనీ పేరు.

ముందు కుడి కన్ను మూసి చూశారు. తరవాత ఎడం కన్ను మూసి చూశారు. ఏ కంటితో చూసినా అక్షరాలు మారవు కదా.

"ఇది మన పేపరు" అన్నారు నెమ్మదిగా. "ఈ ఊళ్ళో ఈ పేపరు వేసింది మన మెషీనొక్కటే."

సరోజిని గారు చెంబుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. తప్పించుకునే ప్రయత్నమేమీ చేయలేదు.

"అవునండీ. నేనే తీసిచ్చాను."

పచ్చటి సంసారంలో నిప్పులు పోసి వెళ్తున్నానా అని నాకు భయమేసింది. ఆయన అరిచినా బాగుండేది. ఫోటో పట్టుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా అరుగు దిగారు. మెట్టు దగ్గర కాలు తడబడింది. సరోజిని గారు చెయ్యి అందించారు, ఆయన తీసుకోలేదు. ఆ ఎండలో, ఆ ట్రాఫిక్కులో, ఒక కన్ను సగం చీకటిగా ఉన్న మనిషి రోడ్డు దాటుతుంటే ఇద్దరం వెనకాలే పరిగెత్తాం. ఒక ఆటో బ్రేకు వేసి ఆగింది. ఆటో అతను సత్యం గారిని గుర్తుపట్టి దారిచ్చాడు.

ఆకుపచ్చ బోర్డు కింద

"ఇదేంటి?" అన్నారు సత్యం గారు, ఫోటోని బోర్లా గాజుబల్ల మీద పెట్టి.

బాబూరావు గారు ఫోటో వైపు కాదు, సరోజిని గారి వైపు చూశారు. ఆవిడ తల ఊపారు.

"ఒక ఏడాది బస్సులు ఆగిపోయాయి బావగారూ. నాగపూరు ఆల్బం వెంటనే పంపాలి. నా రీళ్ళన్నీ విజయవాడ వెళ్ళే కడిగించేవాణ్ణి, మీకు తెలుసుగా. దారి లేదు. మీరు చింతలపూడి పెళ్ళికి వెళ్ళారు. అక్కయ్యని బతిమాలుకున్నాను."

"ఆ ఒక్కసారేనా?"

"ఆ ఒక్కసారితో ఆగుదామనే అనుకున్నాను. బస్సులు తిరిగాక మళ్ళీ విజయవాడ పంపాను. సేటు ఫోను చేసి, పోయినసారి పండు ఏది, ఈసారి ఇదేం పండు, అన్నాడు. ఆ రంగు అక్కడ రాలేదు. మళ్ళీ అక్కయ్య దగ్గరికే వచ్చాను. ఇంక మానలేదు. నాకు పేరు తెచ్చింది జపాను వాడు కాదు బావగారూ, మీ ఇంటి మెషీను."

"అయితే ఇన్నేళ్ళూ నేను నాచు రంగని తిట్టింది..."

"నన్నే" అన్నారు సరోజిని గారు.

జిరాక్సు కోసం వచ్చిన కాలేజీ అమ్మాయి మా ముఖాలు చూసి తరవాత వస్తానని వెళ్ళిపోయింది. సత్యం గారు ఫోటోని ఇటు తిప్పి, ఒక కన్ను మూసి చూశారు, రెండోది మూసి చూశారు.

"ఈ కంటికి నాదిలా ఉంది. ఈ కంటికి వీడిదిలా ఉంది." తల ఎత్తి భార్య వైపు చూశారు. "నీకెలా కనిపించేది?"

ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదని నాకు ఆవిడ ముఖం చూస్తే అర్థమైంది.

"రసం పండు ముచ్చిక దగ్గర ఆకుపచ్చగానే ఉంటుందండీ. కొనకి వచ్చేసరికి పసుపు. మీ ఫిల్ములో ముచ్చిక కూడా పండిపోయినట్టు వచ్చేది, తమ్ముడి ఫిల్ములో కొన కూడా పచ్చిగా వచ్చేది. రెండూ నా చేతికొచ్చాక, మెషీన్లో మీ దానికి పసుపు కాస్త తగ్గించేదాన్ని, వాడి దానికి కాస్త పెంచేదాన్ని. చెట్టు మీద పండు ఎలా ఉందో అలా రావాలని. అంతే."

అంతే! సముద్రాలు దాటొచ్చిన రెండు కంపెనీల తగాదాని, కొట్టు వెనక గదిలో కూర్చుని ఈవిడ ఏటా తీర్చేసింది. వాళ్ళకి గానీ, రోడ్డుకి అటూ ఇటూ కుర్చీలేసుకున్న ఈ ఇద్దరికి గానీ చెప్పాలని కూడా అనుకోలేదు.

సత్యం గారు అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. బాబూరావు గారు మంచినీళ్ళిచ్చారు. ఆ దుకాణంలో సత్యం గారు నీళ్ళు తాగడం అదే మొదటిసారని తరవాత రమణి చెప్పింది.

"మెషీన్లోంచి వచ్చినప్పుడల్లా చూసే ఉంటాను" అన్నారు సత్యం గారు గ్లాసు కింద పెట్టి. "చూసి, మన పసుపే కదా అనుకున్నాను. నువ్వు పెట్టిన రంగు నేనసలు చూళ్ళేదు సరోజా." ఫోటోని జేబులో పెట్టుకున్నారు. "శుక్రవారం ఎన్నింటికి రమ్మన్నాడు?"

సరోజిని గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జవాబు బాబూరావు గారే చెప్పారు. "పొద్దున్నే రమ్మన్నారు బావగారూ. నేను కారు మాట్లాడతాను."

"ఆకుపచ్చ కారైతే ఎక్కను" అన్నారు సత్యం గారు.

హనుమాన్ జంక్షన్

ఆపరేషన్ దాకా ఉండమన్నారు కానీ, రిజర్వేషన్ ఉంది, ఎండకి నా ఓపిక కూడా అయిపోయింది. పండ్ల బుట్ట రెండు చేతుల్తో పట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతుంటే, బుట్ట మీద కప్పిన ఎండుగడ్డి సగం కండక్టరు నెత్తిన పడింది. ఆయన తిట్టకపోగా, "చిన్న రసాలా అండీ? దాచుకోండి, దారిలో అడుగుతారు" అన్నాడు. అడిగారు కూడా. తాడిపత్రి చేరేసరికి బుట్టలో పైవరస లేదు.

శుక్రవారం అంతా ఫోను చేతిలోనే పెట్టుకుని తిరిగాను. నా టెంక వల్ల ఒక ఇల్లు నిలబడిందో కూలిందో తెలియాలి కదా. శనివారం మధ్యాహ్నం సరోజిని గారే చేశారు.

"పొద్దున కట్టు విప్పారండీ. జేబులో ఆ ఫోటో పెట్టుకునే వెళ్ళారు. విప్పగానే డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అంటే, అది తరవాత చూద్దాం అని ఫోటో తీశారు. ఆ కన్ను మూసి చూశారు, ఈ కన్ను మూసి చూశారు. తరవాత రెండూ తెరిచి చాలాసేపు చూశారు."

"ఏమన్నారు?"

"పసుపు కాస్త తక్కువేశావు సరోజా, అన్నారండీ."

ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఫోన్లో తెలియలేదు. ఈలోగా వెనక నుంచి, అదే గదిలోంచి, బాబూరావు గారి గొంతు గట్టిగా వినిపించింది.

"లేదు బావగారూ, ఎక్కువైంది!"